కోతి చేతికి అందని పెరడు

పెరట్లో నష్టం కనబడితే చాలు, మా ఊళ్లో అందరి నోటా ఒకటే మాట: "కోతులు పాడుగాను!" అన్నిసార్లూ కోతులే కావు. వంగ మొక్కలు మొదలు దగ్గర తెగి పడిపోతుంటే మా పక్కింటి వదిన కోతుల్నే తిట్టుకుంటూ పందిరికి పులిబొమ్మ కట్టింది. ఆ పని చేస్తున్నది పందికొక్కు. నేల కింద నుంచి వచ్చేదానికి పందిరి మీది పులి ఏం కనబడుతుంది? అందుకే ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే. జాలీ కొనకముందు, కంచె వెయ్యకముందు, వచ్చింది ఎవరో తేల్చుకోండి. ఒక్కోటి ఒక్కో దారిన వస్తుంది, ఒక్కో వేళకు వస్తుంది. అది తెలియకుండా పెట్టిన ఖర్చంతా దండగే.

మాది కరీంనగర్ వైపు గుట్టల పక్క ఊరు. ఇంటి వెనక ఐదు గుంటల పెరడు ఉంది. మా అత్తమ్మ కాలంలో అందులో పల్లి, మక్క, చిలగడదుంప, అన్ని రకాల కూరగాయలూ పండేవట. ఇప్పుడు మా వైపు చాలామంది పెరళ్లు వదిలేసి సంతలో కొనుక్కుంటున్నారు. గ్రానైట్ కోసం గుట్టలు కరిగిపోయాయి. మేడి, మర్రి, తునికి, సీతాఫలం చెట్లు తగ్గిపోయాయి. కోతులు ఊళ్లోకి దిగాయి. దిగాక, ఇక్కడ గుట్ట మీదకన్నా సులువుగా తిండి దొరుకుతుందని వాటికి తెలిసిపోయింది. ఇక వెనక్కి పోతాయన్న ఆశ నాకు లేదు. ఉన్నచోటే మన పంట మనం దక్కించుకోవాలి, అంతే.

వచ్చింది ఎవరు?

పొద్దున్నే, నీళ్లు పెట్టకముందే పెరట్లోకి వెళ్లండి. నీళ్లు పారాయంటే గుర్తులన్నీ పోతాయి. ముందు రోజు సాయంత్రం మళ్ల మధ్య దారిలో సన్నటి ఇసుక గానీ పొయ్యి బూడిద గానీ పలచగా చల్లి పెడితే అడుగులు స్పష్టంగా పడతాయి.

కోతి పగటి దొంగ. టమాటా ఒక కొరుకు కొరికి పారేస్తుంది, ఇంకోటి తెంపుతుంది. పచ్చివీ పండువీ తేడా లేదు. కొమ్మలు విరిగి ఉంటాయి, తిన్నదానికన్నా పారేసింది ఎక్కువ కనబడుతుంది. ముల్లంగి, ఉల్లి లాంటివైతే పీకి, వేరు వాసన చూసి అక్కడే పడేస్తుంది.

పందికొక్కు రాత్రి వస్తుంది. మొక్క మొదలు కొరికి పడేసి ఉంటుంది, దగ్గర్లో కన్నం, కన్నం ముందు తాజా మట్టి కుప్ప ఉంటాయి. దుంపల్ని మాత్రం పైకి ఏమీ తెలియనివ్వదు. ఆకు వాడిందేమిటని లాగి చూస్తే కింద దుంప ఉండదు.

అడవి పంది వచ్చిన చోట పోల్చుకోవడానికి కష్టపడక్కర్లేదు. నేల నాగలితో దున్నినట్టు ఉంటుంది. ముళ్లపంది అంత గోల చెయ్యదు. దుంప దగ్గర గుంత తవ్వుతుంది, కొబ్బరి మొక్క మొదలు చెక్కుతుంది. పక్కన ఒక్క ముల్లు దొరికినా సందేహం తీరినట్టే. కుందేలు బొబ్బర, పల్లి మొలకల్ని నున్నగా ఏటవాలుగా కొరుకుతుంది, గుండ్రటి పెంటికలు వదిలిపోతుంది. మొలకలు వేర్లతో సహా పీకి, మిరప పండ్లు పొడిచి, మడంతా గీకి ఉంటే నెమలి. జామ చెట్టు కింద రసం పీల్చి ఉమ్మేసిన పిప్పి ఉండలు కనబడితే గబ్బిలం. సపోటా మీద సన్నటి జంట గీతలుంటే ఉడుత.

మీ పెరట్లో ఇందులో రెండు మూడు కలిసి కూడా ఉండొచ్చు. ఎక్కువ నష్టం చేసేది ఏదో చూసుకుని ముందు దాని సంగతి చూడండి.

కోతులు

మా దగ్గర రెండు రకాలున్నాయి. నెత్తిమీద జుట్టు టోపీ పెట్టుకున్నట్టు విచ్చుకుని, తోక పొడుగ్గా ఉండేది మనకు మొదటినుంచీ ఉన్న కోతి. పిర్రలు ఎర్రగా, తోక పొట్టిగా ఉండేది ఉత్తరాది కోతి. ఒకప్పుడు గోదావరి అటుపక్కే దాని రాజ్యం అనేవారు, ఇప్పుడు ఇటూ కనబడుతోంది. పెరడు కాపాడుకునేవాళ్లకి రెండూ ఒకటే. ఆ నల్లమొహం కొండముచ్చు వేరు, అది ఆకులూ చిగుళ్లూ ఎక్కువ తింటుంది.

ముందు భయపెట్టే వస్తువుల సంగతి చెప్తాను, ఎందుకంటే అందరూ మొదట డబ్బు పోసేది వాటి మీదే. పులి బొమ్మ, కొండముచ్చు ఫ్లెక్సీ, పాత సీడీలు, సీసాల దండ, కుక్క మొరిగే రికార్డు పెట్టిన మైకు, ఏదైనా సరే కొత్తలో పని చేస్తుంది. కోతి దూరం నుంచి చూస్తుంది. మర్నాడు కొంచెం దగ్గరికొస్తుంది. బొమ్మ కదలడం లేదని, తనకేమీ కావడం లేదని తెలిసిన రోజు దాని నెత్తి మీదే కూర్చుంటుంది. సిద్దిపేట జిల్లాలో ఒక రైతు ఎలుగుబంటి వేషం వేయించి, రోజు కూలీ ఇచ్చి మనిషిని చేనులో తిప్పిన సంగతి పేపర్లో వచ్చింది. ఆ వేషం పని చేసిందంటే లోపల తిరిగే మనిషి ఉన్నాడు కాబట్టి. అదే తోలు కర్రకి తగిలిస్తే నాలుగు రోజులు. బొమ్మలు పెట్టాలనుకుంటే పంట చేతికొచ్చే ఆఖరి పది రోజులకి దాచుకోండి, రోజూ చోటు మార్చండి. అంతకన్నా ఆశ పెట్టుకోవద్దు.

నిజం కొండముచ్చుని తెచ్చి కట్టేద్దామనుకుంటారు కొందరు. అది వన్యప్రాణి చట్టం కింద నేరం. ఢిల్లీలో ఆఫీసుల దగ్గర కోతుల్ని తోలడానికి కొండముచ్చుల్ని తిప్పిన పద్ధతిని కూడా ఈ చట్టం వల్లే ఆపేశారు.

పీవీసీ పైపులో కార్బైడు, నీళ్లు పోసి పేల్చే గన్ను కూడా వద్దనే అంటాను. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఈ రకం గన్నులతో ఆడుకుని ఎంతోమంది పిల్లలు కళ్లు దెబ్బతీసుకున్నారు. ఇంట్లో మనవలు తిరిగే పెరట్లో అలాంటిది ఉండకూడదు. గులేరు పట్టుకుని ఎత్తితే చాలు కోతి పరిగెడుతుంది, రాయి పెట్టనక్కర్లేదు. కానీ ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా, రోజంతా!

కుక్క సంగతీ అంతే. కట్టేసిన కుక్క కావలి కాదు. మా ఎదురింటివాళ్ల కుక్క గొలుసు ఎంతవరకు సాగుతుందో మంద మొత్తానికీ తెలుసు. ఒక ముసలి ఆడకోతి సరిగ్గా దానికి జానెడు అవతల కూర్చుని, కంకి పొత్తు ఒక్కో పొరా విప్పుకుంటూ, కుక్క గొంతు చించుకుంటున్నా తల ఎత్తకుండా గింజలు ఒలుచుకు తింటుంది. నోట్లో పట్టనివి దవడ సంచిలో కుక్కుకుంటుంది. పీచు కూడా అక్కడే వదిలేసి, పని అయ్యాక గోడెక్కుతుంది. వదిలేసిన కుక్క కొంత నయం, కానీ ఒక్క కుక్కని మంద చుట్టుముట్టి కరుస్తుంది. రెండు కుక్కలు, చుట్టూ గోడ, విడిచిపెట్టే వీలు ఉంటేనే కుక్కల మీద ఆధారపడండి.

ఇక పని చేసేవి. మొదటిది తిండి దొరక్కుండా చెయ్యడం. చెత్త బుట్ట మూత, బయట ఆరబెట్టిన వడియాలు, కోళ్లకి చల్లిన నూకలు, వరండాలో అరటి గెల, వీటి కోసం వచ్చిన కోతే పెరట్లోకి చూస్తుంది. మంగళవారం, శనివారం హనుమంతుడి పేరు మీద అరటిపండ్లు పెట్టేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. మా వీధిలో ఒక పెద్దావిడ ఉంది. "అత్తమ్మా, పుణ్యం మీకు, పంట నష్టం మాకా?" అని నవ్వుతూనే అడిగాను. "పాపం, నోరులేని జీవాలే బిడ్డా" అంది. వాదించలేదు. గుడి వెనక పాత బావి దగ్గర పెట్టమని బతిమాలాను, ఒప్పుకుంది. అక్కడ పెట్టడం కూడా మంచిది కాదని నాకు తెలుసు. చేతిలోంచి లాక్కోవడం నేర్చేది ఇలాంటి చోటే. కానీ మా గోడ పక్కనుంచి పోయింది, నాకు అదే చాలు.

రెండోది దారి తెంపడం. మంద ఎటుపడితే అటు రాదు. చెట్టు, తీగ, పిట్టగోడ, ఇంకో చెట్టు, ఇలా దానికో రోజువారీ దారి ఉంటుంది. ఒక పూట గమనిస్తే తెలిసిపోతుంది. మా ఇంటికి చింత కొమ్మ మీదుగా వచ్చేవి. గోడ మీదకి, కప్పు మీదకి వాలిన కొమ్మల్ని బాగా దూరంగా కొట్టించాం. గోడ నుంచి పది అడుగులైనా ఎడం ఉండాలి. అంతకన్నా దగ్గరుంటే దూకేస్తాయి. గోడ పైభాగాన నున్నటి రేకు మూడడుగుల ఎత్తున నిలువుగా బిగిస్తే కాలు ఆనదు. గాజు పెంకులు మాత్రం పెట్టొద్దు. కోతి వాటి మధ్య చూసుకుని నడుస్తుంది, తెగేది పిల్లల చేతులే.

గూడు కట్టడం

అసలు మందు ఇదే. పెరడు మొత్తాన్ని కాపాడాలని చూడకండి. కోతులకి ఇష్టమైన కూరగాయలన్నీ ఒక చిన్న ముక్కలోకి తెచ్చి, ఆ ముక్కని పైకప్పుతో సహా జాలీతో మూసెయ్యండి. మాది 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. ఐదు గుంటల్లో ఇది ఒక మూల. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి టమాటా, వంకాయ, బెండ, బీర, చిక్కుడు సరిపోతాయి.

నిలబెట్టడానికి మా వైపు రాతి కడీలు దొరుకుతాయి కాబట్టి అవే పాతాం. దొరకని చోట రెండంగుళాల జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనప పైపు. ఎనిమిది అడుగులకొకటి, రెండడుగుల లోతు. జాలీ అంటే చైన్‌లింక్ (లావు తీగ అల్లిన కంచె జాలీ), రెండంగుళాల కన్ను, 12 గేజి. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. షాపులో ఇది కిలోల లెక్కన అమ్ముతారు కాబట్టి తక్కువ ధర చెప్పారంటే తీగ సన్నదేమో చూడాలి. 12 గేజి తీగ మందం రెండున్నర మిల్లీమీటర్లు దాటి ఉంటుంది, ఒక కోతి పట్టుకు ఊగినా ఏమీ కాదు. కోళ్ల జాలీ కొనొద్దు, వేళ్లతో విప్పేస్తాయి. ఆకుపచ్చ షేడ్‌నెట్ మీద ఒక్క గెంతు గెంతితే చిరుగుతుంది. చేపల వల పాములకి ఉరి అవుతుంది. జెర్రిపోతు అందులో చిక్కి చచ్చిపోతే పందికొక్కులకి పండగ.

పైకప్పుకే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మందలోని పిల్లలన్నీ దాని మీద ఆడతాయి. కడీల మధ్య అడ్డంగా పైపులు వేసి, వాటి మీద నాలుగడుగులకొకటి లావు తీగ లాగి బిగించి, ఆపైన జాలీ పరవాలి. నేరుగా జాలీ పరిస్తే ఆరు నెలల్లో కుంగి మన తలకి తగులుతుంది. జాలీ ముక్కలు కలిసే చోట ఒకదానిమీద ఒకటి అరడుగు ఎక్కించి, బైండింగ్ వైరుతో జానెడుకొక ముడి వెయ్యాలి. ముడి కొస లోపలి వైపు ఉండాలి. బయటికి ఉంటే రెండు రోజులు ఓపిగ్గా తిప్పి తిప్పి విప్పుతాయి.

నేల దగ్గర ఇంకో జాలీ కావాలి. రెండంగుళాల కన్నులోంచి ఎలుక సులువుగా దూరుతుంది, పందికొక్కు అసలు కింద నుంచే తవ్వుకొస్తుంది. అరంగుళం కన్నున్న వెల్డ్‌మెష్ (తీగలు కలిసే చోట అతికించిన జాలీ), మూడడుగుల వెడల్పు రోలు తీసుకోండి. ఒక అడుగు నేల పైన, ఒక అడుగు నేల లోపలికి, మిగిలిన అడుగు మట్టి కింద బయటివైపుకి మడిచి పెట్టాలి. పందికొక్కు గోడ మొదట్లోనే తవ్వడం మొదలెడుతుంది. కింద జాలీ తగిలాక వెనక్కి అడుగు దూరం పోయి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు.

తలుపు దగ్గరే చాలా గూళ్లు ఓడిపోతాయి. మామూలు గొళ్లెం కోతికి ఒక పూట పని. నేను లోపల కలుపు తీస్తుంటే ఒకటి బయట కూర్చుని నేను గడియ పెట్టిన వైపే చూస్తూ ఉంది. నేను బిందె కోసం వెళ్లగానే గడియని పైకెత్తి, వెనక్కి లాగి, తలుపు తియ్యకుండా నా వైపు చూసింది. ఆ రోజే తాళం వేశాం. తలుపు దానంతటదే మూసుకునేలా స్ప్రింగు కూడా పెట్టించండి, చేతుల్లో బుట్టతో బయటికొస్తూ మూయడం మరిచిపోవడం అందరికీ మామూలే.

లోపల మళ్లు వేసేటప్పుడు మొక్కలు జాలీకి రెండడుగులు ఎడంగా ఉండాలి. కోతి చెయ్యి భుజం దాకా లోపలికి వస్తుంది. అందుకని నడిచే దారి జాలీ వెంబడి పెట్టుకుని మళ్లు మధ్యలో వేసుకోండి. బీర, సొర తీగల్ని గూడు మీదకి పాకనివ్వొద్దు. పిందె బయటికి వేలాడిందంటే అది మీది కాదు. లోపల వేరే చిన్న పందిరి కట్టండి. తేనెటీగలకి రెండంగుళాల కన్ను అడ్డం కాదు కాబట్టి పిందె నిలుస్తుంది.

పట్నంలో మిద్దె మీద కుండీలున్న వాళ్లకీ ఇదే లెక్క, కాకపోతే గూడుని పైపుల చట్రంతో చేయించి పిట్టగోడకి బిగించాలి, గాలివానకి లేచిపోకుండా.

సోలార్ కంచె గురించి అడుగుతుంటారు. పలక బ్యాటరీని నింపుతుంది, ఎనర్జైజర్ అనే పెట్టె సుమారు సెకనుకొకసారి తీగల్లోకి చిన్న దెబ్బ పంపుతుంది. వోల్టేజీ వేలల్లో ఉన్నా ఆ దెబ్బ రెప్పపాటు కూడా ఉండదు కాబట్టి ప్రాణం పోదు. పందులకి ఇది బాగా పని చేస్తుంది. కోతులకి మామూలుగా వేస్తే పని చెయ్యదు. అది నేల మీంచి ఎగిరి తీగ పట్టుకుంటుంది, నేల తగలకపోతే షాక్ తగలదు. అందుకని ఒక తీగ కరెంటుది, దాని పక్క తీగ ఎర్తుది, ఇలా ఒకటి విడిచి ఒకటి దగ్గర దగ్గరగా లాగించాలి. రెండూ కలిపి పట్టుకున్నప్పుడే దెబ్బ. కింద గడ్డి పెరిగి తీగకి తగిలితే బలమంతా నేలలోకి పోతుంది, వానాకాలంలో వారానికోసారి కోస్తూనే ఉండాలి.

ఇంటి మీటరు నుంచి గానీ స్తంభం నుంచి గానీ కంచెకి నేరుగా కరెంటు పెట్టే ఆలోచన మాత్రం ఎవరూ చేయొద్దు. మన పల్లెల్లో ఏటా మనుషులు పోతున్నారు అలా. పంది కోసం పెట్టిన తీగకి తెల్లవారుజామున నీళ్లకని పోయిన ఇంటివాళ్లే తగులుకుంటున్నారు. అది జైలు కేసు కూడా.

గూడు బయట ఏం వెయ్యాలి

మిగతా నేల ఖాళీగా ఉంచక్కర్లేదు. మా పెరట్లో కోతులు పసుపు, అల్లం, కంద, చేమ, కరివేపాకు, పుదీనా జోలికి రాలేదు. నిమ్మకాయ ఒకటి కొరికి మొహం చిట్లించి పోయాయి. కాకర మీద పెద్దగా మోజు లేదు. పచ్చిమిర్చి మాత్రం చెప్పలేం, తినవు గానీ కోపమొచ్చినట్టు తెంపి పోస్తాయి. కంద, చేమలకి కోతి బెడద లేకపోయినా పంది, ముళ్లపంది బెడద ఉంది. పందులు తిరిగే ఊళ్లో ఆ రెండూ ఇంటి గోడ పక్కనే వేసుకోండి. మొక్కజొన్న, పల్లి, చిలగడదుంప, అరటి గూడు బయట వేసి కాపాడుకోవాలని చూస్తే ఆ ఏడంతా టెన్షనే.

సరిహద్దుకి బతికున్న కంచె మంచిది. గచ్చకాయ తీగ పెరిగితే మనిషి కూడా దూరలేడు. కిత్తనార, బ్రహ్మజెముడు ఎండకి ఆగుతాయి. నాకైతే వాక్కాయ ఇష్టం. ముళ్లు గట్టివి, పశువులు ముట్టవు, వానాకాలంలో పప్పులోకీ పచ్చడికీ కాయ దొరుకుతుంది. మూడడుగులకొక మొక్క రెండు వరసలు నాటాలి, మొదటి రెండేళ్లు కొసలు తుంచుతూ ఉంటే కింద నుంచే గుబురు కడుతుంది. అప్పటిదాకా ముందు సర్కారు తుమ్మ కంప వేసుకోండి.

అడవి పందులు

పందికి చూపు మందం, ముక్కు చురుకు. అందుకే దాన్ని ముక్కుతోనే ఆపాలి. మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి పెరడు చుట్టూ అడుగు వెడల్పు పట్టీలా చల్లుతారు. అది నేల మూచూస్తూ వస్తుంది, వెంట్రుకలు ముక్కులో పడితే చికాకుతో వెనక్కి తిరుగుతుంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు కూడా చెప్పే పద్ధతే ఇది. గట్టి వాన పడితే మళ్లీ చల్లాలి. వాళ్లే చెప్పే ఇంకోటి, కొబ్బరి తాడుకి గంధకం, ఊరపంది కొవ్వునూనె కలిపి పట్టించి, అడుగుకొకటి చొప్పున మూడు వరసలు చుట్టూ కట్టడం. వాసన మనకీ భరించరానిదే, ఇంటికి దూరంగా ఉన్న పెరడైతేనే చెయ్యండి. పల్లికి చుట్టూ కుసుమ వరసలు, మక్కకి చుట్టూ ఆముదం వరసలు దట్టంగా వేస్తే ముళ్లకీ వాసనకీ కొంత ఆగుతుంది. రంగు రంగుల పాత చీరలు చుట్టూ కట్టడం మా ఊళ్లో ఇప్పటికీ ఉంది. మనిషి వాసన ఉన్నంతకాలం పని చేస్తుందంటారు, ఉతికి కట్టిన చీరకి ఆ విలువ లేదని మా అత్తమ్మ నమ్మకం.

ఇంటి పెరడుకి వీటన్నిటికన్నా ఖాయమైనది నేల బారున సందు లేని కంచె. పంది దూకే ప్రయత్నం తక్కువ, మూతి పెట్టి పైకెత్తేదే ఎక్కువ. మూడడుగుల ఎత్తు జాలీ చాలు, కానీ అడుగున ముళ్లతీగ నేలకి ఆనించి, మధ్య మధ్య గూటాలతో కుట్టెయ్యాలి. కాలువ దాటే చోట, గేటు కింద సందులు చూసుకోండి. పందికి ఎదురెళ్లొద్దు, పిల్లలతో ఉన్న ఆడపంది అసలు వెనక్కి తగ్గదు. అటవీ శాఖ అనుమతి లేకుండా దాన్ని చంపడం నేరం.

పందికొక్కులు

కన్నాలన్నీ సాయంత్రం మట్టితో మూసెయ్యండి. తెల్లారి తెరుచుకున్నవే కాపురం ఉన్నవి. బోను వాటి ముందే పెట్టాలి. ఎండుచేప ముక్క గానీ వేయించిన పల్లీలు గానీ ఎర. రెండు మూడు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టేసి ఊరికే తిననివ్వండి, కొత్త వస్తువంటే దానికి అనుమానం ఎక్కువ. అలవాటయ్యాక బిగిస్తే పడుతుంది. మందు ఉండలు నేను పెట్టను, పెట్టమని చెప్పను. మందు తిని చచ్చిన పందికొక్కుని కుక్క తింటే కుక్క కూడా పోతుంది, గుడ్లగూబ పోతుంది. కట్టెల కుప్ప, గడ్డివాము, పాత ఇటుకలు పెరట్లోంచి తీసేస్తే సగం పందికొక్కులు వాటంతటవే ఇల్లు మారుస్తాయి. కొబ్బరి చెట్టెక్కే ఎలుకలకి మాను చుట్టూ నేల నుంచి రెండు మీటర్ల ఎత్తున 40 సెంటీమీటర్ల వెడల్పు జీఐ రేకు చుట్టాలి, పక్క చెట్టు మట్టలు తగలకుండా ఉంటేనే.

నెమళ్లు, గబ్బిలాలు, ఉడుతలు

నెమలి జాతీయ పక్షి, రాయి విసరడం కూడా తప్పే. దానికి మొలక దశలోనే ఎక్కువ పని. నారుమడి మీద వెదురు బద్దలు వంచి సన్న కన్ను వల బిగుతుగా కప్పితే చాలు, మొక్క జానెడు దాటాక తీసెయ్యొచ్చు. వల వదులుగా ఉంటే కాళ్లు చిక్కుకుంటాయి. జామ, సీతాఫలం కాయలకి పిందె దశ దాటగానే కాగితం సంచి గానీ గుడ్డ సంచి గానీ కట్టండి. గబ్బిలం, ఉడుత, రామచిలుక, పండు ఈగ నాలుగింటికీ అదొక్కటే పరిష్కారం. చెట్టు పైకొస కాయలకి కట్టలేం, అవి వాటికి వదిలెయ్యడమే మంచిది.

కరిస్తే, పట్టించాలంటే

కోతి ఎదురుపడితే కళ్లలోకి చూడొద్దు, పళ్లు కనబడేలా నవ్వొద్దు. దానికి అది సవాలు. చేతిలో ఉన్న కవరు కింద పడేసి, వెనక్కి తిరక్కుండా మెల్లగా తప్పుకోండి. కరిచినా గీరినా వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు, కట్టు బిగించొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. కుక్క కాటుకి ఎలాగో కోతి కాటుకీ అలాగే.

2022లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణలో ఎర్రపిర్రల ఉత్తరాది కోతిని రక్షిత జాబితాలోంచి తీసేశారు. మన టోపీ కోతి ఇంకా జాబితాలోనే ఉంది. జాబితాలో లేనంత మాత్రాన విషం పెట్టొచ్చని కాదు, జంతువుల మీద క్రూరత్వానికి వేరే చట్టం 1960 నుంచీ ఉంది. మంద మరీ మీద పడుతుంటే పంచాయతీ తరఫున అటవీ శాఖకి రాయించండి. నిర్మల్ దగ్గర కోతులకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే కేంద్రం 2020 డిసెంబరులో పెట్టారు. పట్టేవాళ్లని మీ అంతట మీరు పిలిచి పక్క ఊరి గుట్ట మీద వదిలిస్తే, ఆ ఊరివాళ్లు వాళ్ల కోతుల్ని తెచ్చి మీ ఊళ్లో వదులుతారు. మా మండలంలో అదే జరుగుతోంది.

కాలం కూడా చూసుకోండి. చేలల్లో మక్క, వరి ఉన్నంతకాలం పందులు అటే ఉంటాయి. కోతలయ్యాక పెరళ్ల మీద పడతాయి, వెంట్రుకలు, తాళ్లు అప్పటికి సిద్ధంగా ఉండాలి. ఏప్రిల్, మేలో కోతులు తిండికన్నా నీళ్లకే ఎక్కువ వస్తాయి, ట్యాంకు మూత బిగించి, కారే కుళాయి బాగు చేయించండి. మృగశిర కార్తెకి ముందు ఒక రోజు కేటాయించి గూడు చుట్టూ తిరిగి, తుప్పు పట్టిన వైరు ముడులు మార్చి, నేల దగ్గర జాలీ పైకి లేచిన చోటల్లా రాళ్లు పెట్టి మట్టి తొక్కండి. వాన పడ్డాక మెత్తబడ్డ నేలలో పందికొక్కు మొదట వెతికేది ఆ చోటునే.